మెషీన్ సున్నా చూపించిన టైరు

కొత్త టైరు గుండ్రంగా లేదు. అమ్మినవాళ్ళు దాన్ని మార్చి ఇవ్వలేదు. ఆ టైరు వేసిన కారులో కిడ్నీ రోగులు డయాలసిస్‌కు వస్తారని నోటితో చెప్పాం, రాసి కూడా పంపాం. అయినా ఇవ్వలేదు. టైరు లోపల పంక్చర్ మందు మరక కనిపించింది కాబట్టి తప్పు మీదేనన్నారు. మందుకూ టైరు వంకరకూ సంబంధం లేదు. చక్రాలతో పనిచేసే ఎవడికైనా ఆ సంగతి తెలుసు. ఆ మాట గుర్తొస్తే నాకు ఇప్పటికీ అన్నం సహించదు.

నా పేరు బాషా. మార్కాపురంలో తర్లుపాడు రోడ్డు మీద వీల్ బ్యాలెన్సింగ్ షాపు నడిపాను. మోకాళ్ళు వంగనని మొరాయించాక మానేశాను. నా చదువు ఐదో తరగతితో ఆగింది. ఇంగ్లీషు అక్షరాలు టైర్ల పక్కన ఉబ్బెత్తుగా ఉండేవాటిని వేలితో తడిమి నేర్చుకున్నాను. తెలుగు తడబడకుండా చదవడం, కొత్త ట్యూబులు చుట్టి వచ్చే పాత పేపర్లలో నేర్చుకున్నాను. సగం వార్త చదివి మిగతా సగం ఏ ట్యూబుకు చుట్టారోనని వెతికేవాణ్ణి. అట్లా చదివినవి మరిచిపోవడం కష్టం.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడుగుతుంటారు, ఏ మెషీన్ కొనాలి, షాపు ఏ రోడ్డు మీద పెట్టాలి అని. అవి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. మనం చక్రం బిగించి పంపిన బండి ఎవరిని ఎక్కించుకుని ఎటు పోతుందో, అది క్షేమంగా చేరిందో లేదో తెలిసేదాకా మనకు ఎట్లా ఉంటుందో ఎవరూ చెప్పరు. నేను అది చెబుతాను.

ముందు బండెక్కి కూర్చోవాలి

నేను పని నేర్చుకున్నది రసూల్ సాబ్ దగ్గర. మా తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న రోజులవి. ఆయన దుకాణంలో మెషీన్ లేదు. ఇరుసుకు బేరింగులు బిగించి, దానికి చక్రాన్ని తగిలించి వదిలేవాడు. బరువున్న వైపు తనంతట తానే కిందికి వచ్చి ఆగేది. దానికి ఎదురు వైపు రిమ్ముకు చిన్న సీసం ముక్క కొట్టి మళ్ళీ వదిలేవాడు. చక్రం ఎక్కడ వదిలితే అక్కడే నిలిచేదాకా అదే పని. ఇప్పటి మెషీన్లు చేసేదీ ఇదే. కాకపోతే అంకె చూపిస్తాయి.

ఒకరోజు ఒక జీపు వచ్చింది, ముందు చక్రాలు ఊగుతున్నాయని. నేను వెంటనే పానా తీసుకుని నట్లు విప్పుతున్నాను. రసూల్ సాబ్ టీ తాగుతూ అరిచాడు.

"ఏంరా, అప్పుడే ఊడదీస్తుండావ్? బండి ఏమంటుందో విన్నావా?"

"వినేదేముంది ఉస్తాద్, ఊగుతుందంట."

"ఎవరికి ఊగుతుంది? డ్రైవరు చేతికా, వెనకాల కూర్చున్నోడి పిర్రకా?"

అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. నాకు సిగ్గేసింది. కానీ ఈ పనిలో అంతకంటే పనికొచ్చే ప్రశ్న నేను ఇంతవరకు వినలేదు. చేతికి వణుకు తెలిస్తే సాధారణంగా ముందు చక్రాలు, సీటుకు తెలిస్తే వెనక చక్రాలు. ఎంత వేగంలో మొదలవుతుంది, ఎంతలో తగ్గుతుంది, పొద్దున ఉందా, సాయంత్రం ఉందా? ఇవన్నీ బండి నడిపి తెలుసుకున్నాకే పానా పట్టాలి. ఇప్పటి పిల్లలు బండి ఆగక ముందే జాకీ పెడుతున్నారు.

రసూల్ సాబ్ ఇంకో మాట అనేవాడు. "నువ్వు అబద్ధం చెప్పి ఇంటికి పోయి తింటావ్. వాడు ఆ చక్రాల మీద ఘాటెక్కుతాడు." ఈ మాట వల్ల నాకు తర్వాత ఎంత మనోవేదన కలిగిందో ముందు ముందు చెబుతాను.

మార్కాపురం పిల్లలు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి ఉంది. పలకల గనుల వైపు తిరిగే బండ్ల రిమ్ము లోపల రాతిపొడి బురద పట్టి, ఆరితే సిమెంటులా గట్టిపడుతుంది. దాన్ని గీకి కడగకుండా చక్రాన్ని మెషీన్ మీదికి ఎక్కించకండి. ఎక్కిస్తే మీరు బురదను తూస్తున్నట్టే. రెండు రోజులకు అది రాలిపోతుంది, కస్టమరు మీ మీదికొస్తాడు. అతను రావడమే న్యాయం.

గిద్దలూరు ఓనరు

తర్వాత కొన్నేళ్ళు గిద్దలూరులో పనిచేశాను. ఆ ఓనరు చెడ్డవాడని అనలేను. మాతో కలిసి కూర్చుని తినేవాడు, జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి తనే తీసుకుపోయేవాడు. కానీ ఆయనకు మెషీన్ అంటే బొమ్మలాట. లైట్లు వెలిగే బ్యాలెన్సింగ్ మెషీన్ ఆ చుట్టుపక్కల మొదట తెచ్చింది ఆయనే. జనం నిలబడి చూసేవాళ్ళు.

"తిప్పు బాషా, తిప్పు. లైట్లు ఎలగనీ. ఆడ రెండు ముక్కలు కొట్టు, చూస్తుండారు."

"ఎక్కడ కొట్టమంటుందో చూడనీ అన్నా."

"యాడో ఒక చోట కొట్టబ్బా. వచ్చిపోయే బండ్లన్నీ చూసుకుంటా కూర్చుంటే తెల్లారుద్ది."

ఒకసారి నంద్యాల ఘాటు మీదుగా పోయివచ్చిన రైతు, స్టీరింగ్ చేతిలో నిలవలేదు, పెళ్ళాం బిడ్డలు బండిలో ఉన్నారు, భయమేసింది అని చెప్పాడు. ఓనరు నవ్వి, "ఘాట్లో ఏ బండైనా ఊగుతాది మామా, అది కొండ గదా" అన్నాడు. ఆ రైతు నమ్మాడు! సరేలే అని టీ తాగి పోయాడు. ఆయన బండి మలుపు తిరిగేదాకా నేను చూస్తూ నిలబడ్డాను. ఆ నెలాఖరుకు అక్కడ పని మానేసి మార్కాపురం వచ్చి సొంతంగా షాపు పెట్టుకున్నాను.

రోడ్డు మీద నెట్టెయ్యడం ఈ పనిలో అన్నిటికంటే తేలికైన అబద్ధం. మా వైపు రోడ్లు అట్లా ఉంటాయి కాబట్టి అందరూ నమ్ముతారు.

ముళ్ళ భయం

సుబ్బయ్యది పుల్లలచెరువు వైపు పల్లె. పొలం ఉంది, నీళ్ళు లేవు. కారు కొని బాడుగలకు తిప్పేవాడు. బాడుగలంటే పెళ్ళిళ్ళకూ తిరణాళ్ళకూ కాదు. అటువైపు ఊళ్ళలో కిడ్నీ జబ్బు మనుషులు ఎక్కువ. వాళ్ళను వారానికి మూడు రోజులు ఎర్రగొండపాలెం మీదుగా మార్కాపురం ఆస్పత్రికి తెచ్చి, డయాలసిస్ అయ్యాక మళ్ళీ ఇళ్ళ దగ్గర దించేవాడు. టర్ను తప్పితే వాళ్ళకు ఒళ్ళు వాచి ఊపిరాడదు. అందుకని సుబ్బయ్య వానైనా ఎండైనా ఆగేవాడు కాదు.

ఒకరోజు నేరుగా షాపు ముందు ఆపాడు.

"బాషన్నా, ఒంగోల్లో నాలుగూ కొత్త టైర్లు ఏయించినా. ఏయించిన కాణ్ణుంచి బండికి చలిజ్వరం వచ్చినట్టుండాది."

"ఎంతలో?"

"డెబ్బై దాటినాక. ఎనభైకి పోతే చేతులు తిమ్మిరెక్కుతుండాయి."

వెనక సీట్లోంచి ఒక పెద్దావిడ తల బయటికి పెట్టింది. ఆమె పేరు నారాయణమ్మ, సుబ్బయ్య ఊరే. చుట్టరికం లేకపోయినా అతను అత్తా అని పిలుస్తాడు. "వాని చేతులు సరే. మా నడుముల సంగతి అడగవేందయ్యా?" అంది.

అంటే చేతికీ తెలుస్తోంది, సీటుకూ తెలుస్తోంది. వాళ్ళను ఆస్పత్రి దగ్గర దించాక నేనే కారు తీసుకుని తర్లుపాడు వైపు పోయాను. నిజంగానే వణుకు ఉంది. తెచ్చి నాలుగు చక్రాలూ విప్పి, మెషీన్ మీద సున్నా వచ్చేదాకా ముక్కలు కొట్టి పంపాను.

రెండు రోజులకు మళ్ళీ వచ్చాడు. ఊరి నుంచి బయల్దేరినప్పుడు మరీ ఘోరంగా ఉందట. చక్రం మెషీన్ మీద పెడితే నేను సున్నాకు తెచ్చింది ఇంకో అంకె చూపిస్తోంది. సరిచేశాను. వాళ్ళు ఆస్పత్రి నుంచి తిరిగొచ్చేలోపు మళ్ళీ చూశాను. మళ్ళీ వేరే అంకె.

నా మెషీన్ చెడిపోయిందనుకున్నాను. అంటే ఆ వారం నేను చేసి పంపిన బండ్లన్నీ తప్పే. ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలైంది. దోర్నాల ఘాటెక్కి శ్రీశైలం పోతున్నామన్నవాళ్ళు, బాలింతను తీసుకుపోయినవాళ్ళు, కొత్తగా నడపడం నేర్చుకున్న టీచరమ్మ. ఎవరి ఫోను నంబరూ నా దగ్గర లేదు.

వేరే బండి చక్రం తెచ్చి పెట్టి చూశాను. ఎన్నిసార్లు తిప్పినా ఒకే అంకె. మెషీన్ బాగానే ఉంది. అప్పుడు సుబ్బయ్య చక్రాన్ని చేత్తో ఎత్తి నెమ్మదిగా దొర్లించి చెవి పెట్టాను. లోపల చల్లకుండలా కదులుతోంది.

"ఏంది సుబ్బయ్యా, టైర్లో ఏం పోసినావ్?"

అతను నేల చూశాడు. "మందన్నా. పంక్చర్ మందు. ఎర్రగొండపాలెంలో పోయించినా."

"నాలుగిట్లోనా?"

"నాలుగిట్లోనూ. ఇంకో సీసా ఎక్కువే పోయమన్నా."

"నాకెందుకు చెప్పలా?"

"చెబితే తిడతావని."

మా పడమటి వైపు ఇది అందరూ చేసే పనే. చేల గట్ల మీదా రోడ్ల పక్కనా సర్కారు తుమ్మ. కంచెలకు కొట్టిన కంప రోడ్డు మీదే ఈడుస్తారు. అడవి అంచు ఊళ్ళలో పంక్చర్ అయితే వేసేవాడు దొరకడు. అందుకని కొత్త టైరు వేయించగానే నిమ్మకాయ తొక్కించడం ఎంత మామూలో, వాల్వు లోంచి ఆ ఆకుపచ్చ మందు పోయించడం అంతే మామూలు. ముల్లు దిగితే ఆ జిగురు చిల్లును పూడుస్తుంది. మంచిదే. కానీ బండి నిలబడి ఉన్నంతసేపూ ఆ మందంతా టైరు అడుగున మడుగు కడుతుంది. బయల్దేరాక ఎటు పోయి అంటుకుంటుందో తెలియదు. అలాంటి చక్రాన్ని తూచడం పారే నీళ్ళకు గీత గీయడమే.

నారాయణమ్మ డయాలసిస్ అయ్యి, చేతికి కట్టుతో వచ్చి, నా బల్ల మీద కూలబడి అంతా విన్నది. "చిల్లులు పూడ్చే మందా? ఆ మిగిలిందేదో నాకు ఎక్కియ్యి బాషా. వారానికి మూడుతూర్లు పొడిసి పొడిసి జల్లెడ చేసినారు" అంది. సుబ్బయ్య పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను.

గుడ్డుకు సీసం

టైర్లు నాలుగూ విప్పి, మందు కడిగి, గుడ్డతో తుడిచి, ఎండబెట్టి మళ్ళీ ఎక్కించాను. మూడు చక్రాలు బంగారంలా కుదిరాయి. నాలుగోది, ముందు ఎడమ వైపుది, మెషీన్ మీద సున్నా చూపిస్తుంది, రోడ్డెక్కితే వణుకుతుంది. తుడిచింది చాలలేదేమోనని మళ్ళీ విప్పి చూశాను. పొడిగా ఉంది.

పిల్లలూ, ఇక్కడ ఆగి వినండి. మెషీన్ చెప్పేది బరువు ఒక్కటే. బరువు అన్ని వైపులా సమానంగా ఉండటం వేరు, గుండ్రంగా ఉండటం వేరు. కోడిగుడ్డుకు చుట్టూ సీసం అతికించి సున్నా తెప్పించవచ్చు. దొర్లిస్తే గుడ్డు గుడ్డులాగే దొర్లుతుంది.

జాకీ పెట్టి చక్రాన్ని లేపి, టైరుకు దాదాపు తగిలేట్టు ఒక స్క్రూడ్రైవరును కదలకుండా నిలిపి, చక్రాన్ని చేత్తో తిప్పాను. ఒకచోట టైరు గీసుకుంది, ఎదురు వైపు వచ్చేసరికి వేలు పట్టేంత సందు. గీసుకున్న చోట సుద్దతో గుర్తు పెట్టాను. వంకర రిమ్ముదో టైరుదో తేలాలి కదా? టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి మళ్ళీ ఎక్కించాను. రిమ్ముదైతే ఎత్తు పాత చోటే ఉండాలి. సుద్ద గుర్తుతో పాటే ఎత్తు కూడా అటు పోయింది. టైరే వంకర.

కొత్త టైరు పుట్టుకతోనే వంకరగా ఉందంటే లోపలి పొరలు సరిగా పడలేదని నా అనుమానం. బరువు మీద, ఎండ మీద, వేగం మీద ఆ పొరలు ఎన్నాళ్ళు పట్టి ఉంటాయో ఎవడు చెప్పగలడు? అప్పటినుంచి నాకు కంటి మీద కునుకు లేదు. ఆ టైరును వెనక చక్రానికి మార్చి, "మార్పించేదాకా అరవై దాటొద్దు" అని సుబ్బయ్యకు చెప్పి, ఒంగోలు డీలరుకు ఫోన్లు మొదలుపెట్టాను. రోడ్డు బాగాలేదేమో అన్నారు. ఎక్కువమందిని ఎక్కించాడేమో అన్నారు. నాకు గిద్దలూరు ఓనరు గొంతే వినపడింది. ఎన్నో ఫోన్ల తర్వాత కంపెనీ తరఫున ఒక మనిషిని పంపుతామన్నారు.

ఒంగోలు నుంచి వచ్చిన సారు

వచ్చినతని పేరు శ్రీధర్. చిన్నవాడే. మర్యాదగా మాట్లాడాడు, నా టీ తాగాడు. నారాయణమ్మకు ఆ పూట డయాలసిస్ అయిపోయింది. ఆమెతో వచ్చిన మిగతా ఇద్దరు రోగులకూ ఇంకా కాలేదని ఆమె మా షాపు ముందు కారులోనే వెనక సీట్లో పడుకుని ఉంది.

అతను చక్రాన్ని మెషీన్ మీద తిప్పాడు. సున్నా. "బ్యాలెన్స్ కరెక్టుగా ఉందండి బాషా గారూ" అన్నాడు.

"బ్యాలెన్స్ కాదు సార్, గుండ్రం చూడండి" అని స్క్రూడ్రైవరు పట్టి తిప్పాను. అతను వంగి చూశాడు. టైరు విప్పమన్నాడు. విప్పాను. లోపల వేలితో రుద్దాడు. ఎంత కడిగినా రబ్బరుకు ఆకుపచ్చ మరక ఉండిపోయింది.

"పంక్చర్ లిక్విడ్ పోశారా?"

సుబ్బయ్య వెంటనే అందుకున్నాడు. "లేదు సార్, అది రిమ్ము రంగు."

శ్రీధర్ నా వైపు చూశాడు. రిమ్ము రంగు అని నేనూ అంటే ఏమయ్యేదో నాకు తెలియదు. రసూల్ సాబ్ బతికి ఉంటే ఏమనేవాడో మాత్రం తెలుసు.

"పోసినారు సార్. నేనే కడిగినా. కానీ మందు పోస్తే టైరు వంకరపోదు గదా?"

"పోసిన టైరు కంపెనీ తీసుకోదండి. రూలు."

"రూలు సరే. వంకరపోతుందా, పోదా? అది చెప్పండి."

"రిపోర్టు పంపుతానండి."

నాకు ఒళ్ళు మండింది. "సార్, ఆ కార్లో పడుకోనుండే ఆమె వారానికి మూడుతూర్లు ఈ టైరు మీదే వస్తాది. మీ అమ్మను ఈ బండిలో పంపుతారా?" అని అడిగాను. అతను పెన్ను జేబులో పెట్టుకుని, బ్యాగు తీసుకుని బయటికి పోయాడు.

సుబ్బయ్య అంతవరకు ఆపుకున్నదంతా నా మీద కక్కాడు. "ఏమన్నా, నిన్ను ఎవరడిగినారు? నోరు మూసుకోనుంటే టైరొచ్చేది గదా! నీ సత్యం నీ కాడ పెట్టుకో. తిరిగేది నేను."

"అబద్ధం చెప్పి తెచ్చుకున్నా..."

"తెచ్చుకున్నా కొత్త టైరు కొత్త టైరే!"

అతను చెప్పింది తప్పని నేను అనలేను. అయినా అదే ప్రశ్న రేపు ఎవడైనా అడిగితే మళ్ళీ అదే చెబుతాను. నిజం చెప్పినవాడికి శిక్ష పడేట్టు రూలు రాసుకున్నవాళ్ళది తప్పు. నా కోపం వాళ్ళ మీద. కానీ కోపం వల్ల టైరు గుండ్రం కాదు కదా.

హారను కోసం

ఆ సైజులో నా దగ్గరున్న పాత టైర్లన్నీ అతని స్టెప్నీ కంటే అరిగినవే. సుబ్బయ్య స్టెప్నీనే వెనక చక్రానికి బిగించి, వంకర టైరును డిక్కీలో వేశాం. "ఇది ఎక్కించొద్దు. ఎక్కిస్తే ఎడ్లబండిలా రా" అని ఒట్టు పెట్టించుకున్నాను. కందులు అమ్మినాక వేరే టైరు కొంటానన్నాడు. నాలుగింట్లోనూ మందు లేదిప్పుడు. ముళ్ళు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి.

కంపెనీకి ఫొటోలు తీసి పంపాను. మీ ఫిర్యాదు పరిశీలనలో ఉంది అని ఒకే మాట మళ్ళీ మళ్ళీ వచ్చేది.

డయాలసిస్ రోజుల్లో సుబ్బయ్య వాళ్ళను ఆస్పత్రిలో దించి, నా షాపు ముందు హారను కొట్టి పోవడం అలవాటు చేసుకున్నాడు. నాతో మాట్లాడేవాడు కాదు, హారను మాత్రం కొట్టేవాడు. అది వినపడేదాకా నేను చేసే పని మీద మనసు ఉండేది కాదు. మా ఇంటామె అన్నం క్యారేజీ తెచ్చి, "ఆ ఫోను చెవికి కట్టుకోరాదా? ముద్ద ముద్దకూ చూస్తుండావ్" అనేది.

వాన పడుతున్న ఒక పొద్దున హారను మోగలేదు. ఫోను చేస్తే కలవడం లేదు. అటు సిగ్నలు ఉండదని తెలుసు, అయినా చేస్తూనే ఉన్నాను. చివరికి అతనే చేశాడు.

"అన్నా, ముల్లు దిగింది. ఆ టైరే ఏసినా."

"యాడుండావ్?"

"ఎర్రగొండపాలెం దాటినా."

"ఉన్నకాడే ఆపు. ఆటో పిలిపించి వాళ్ళను ఎక్కించు. నేనొస్తుండా."

"ఈ వానలో ఆటోలో యాడ కూర్చుంటాదన్నా? మొన్న ఆస్పత్రిదాకా వచ్చినా టర్ను దొరకలా. ఊపిరాడక ఆయాసపడుతుండాది అత్త. తక్కిన ఇద్దరికీ ఒళ్ళు గుంజుతుండాది."

"నలభైలో రా. విను నా మాట. నలభైలో..."

వెనక నుంచి నారాయణమ్మ గొంతు వినపడింది, మాటకూ మాటకూ మధ్య ఎగశ్వాసతో. "ఏందంట? బాషాతో చెప్పు నాయనా... ఆ టైరు బాగయ్యేదాకా నా ఒంట్లో నీళ్ళను ఆగమని చెప్పమను..."

ఫోను తెగిపోయింది.

షాపు అట్లాగే వదిలేసి, పక్క కొట్టతని మోటారుసైకిలు తీసుకుని ఎర్రగొండపాలెం రోడ్డు పట్టాను. వాన కళ్ళల్లో కొడుతోంది. ఎదురొచ్చే ప్రతి తెల్ల కారూ అతనిదే అనిపించి, కాకపోయేసరికి ఇంకా వేగం పెంచేవాణ్ణి. చాలా దూరం పోయాక రోడ్డు పక్క జనం గుంపుగా కనిపించారు. కారు పత్తి చేలో నడుంలోతు మొక్కల మధ్య పక్కకు ఒరిగి ఉంది. వెనక చక్రానికి టైరు పైపొర మొత్తం ఊడి, పాము కుబుసంలా వేలాడుతోంది.

వాన వల్ల చేను మెత్తగా ఉంది. కారు పల్టీ కొట్టలేదు. అందుకే బతికారు. మిగతా ఇద్దరు రోగులకూ గీరుకుపోయిన దెబ్బలే. సుబ్బయ్య బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, నారాయణమ్మను తన ఒంటికి ఆనించుకుని పట్టుకున్నాడు. ఆమె ఒక భుజం కిందికి వాలిపోయింది. నన్ను చూసి పెదాలు కదిపింది.

"బాషా... ఇప్పుడు ఊగట్లేదులే" అంది.

సుబ్బయ్య అప్పుడు ఏడ్చాడు. పాల వ్యాను ఒకటి ఆపి ముగ్గురినీ ఎక్కించాం. భుజం దగ్గర కాలర్ బోన్ విరిగిన ఆమెకు చెయ్యి కదలకుండా కట్టి, ఆ చెయ్యి అట్లా ఉండగానే డయాలసిస్ చేశారు. నేను ఆస్పత్రి గేటు బయట బురద బట్టలతో నిలబడి, లోపలి నుంచి ఎవరు వచ్చినా వాళ్ళ మొహమే చూస్తూ ఉన్నాను. సాయంత్రానికి ఊపిరి సర్దుకుందని చెప్పారు. ఎముక అతుక్కోవడానికి చాలాకాలం పట్టింది. ఇప్పుడు బస్సులో వస్తోంది. బస్సు దిగాక ఆస్పత్రిదాకా నడవలేక దారిలో మూడు చోట్ల కూర్చుంటుంది.

ఊడిన టైరు ఫొటోలు కంపెనీకి పంపాను. ప్రమాదం జరిగిన తర్వాత టైరులో లోపం ముందే ఉందో లేదో నిర్ధారించడం సాధ్యం కాదని ఈసారి రాశారు. ఊడక ముందు చూపిస్తే మెషీన్ సున్నా అన్నారు, మరక ఉందన్నారు. ఊడాక చూపిస్తే ఇప్పుడేం చెప్పగలం అన్నారు. మధ్యలో ఎప్పుడు చూపించాలో వాళ్ళే చెప్పాలి.

కొత్త టైరు వేసే ప్రతి పిల్లవాడికీ నేను చెప్పేది ఇంతే. మందు పోశారా అని ముందే అడుగు, తిట్టకుండా అడుగు. తిడతామన్న భయంతోనే సుబ్బయ్య నాకు చెప్పలేదు, రెండు రోజులు దానికే పోయాయి. సున్నా వచ్చాక కూడా స్క్రూడ్రైవరు పెట్టి ఒకసారి తిప్పు. వంకర కనిపిస్తే ఆ టైరును డిక్కీలో వెయ్యనివ్వకు. డిక్కీలో ఉన్నది ఏదో ఒక రోజు చక్రానికి ఎక్కుతుంది. నేను దాన్ని షాపులోనే ఉంచేసుకుని ఉండాల్సింది.

శ్రీధర్ నంబరు నా ఫోనులో ఉంది. కంపెనీ జవాబు వచ్చిన రోజు అతనికి రెండు ఫొటోలు పంపాను, ఒకటి టైరుది, ఒకటి నారాయణమ్మ చేతికట్టుది. కింద ఆనాటి ప్రశ్నే మళ్ళీ రాశాను, మీ అమ్మను ఆ బండిలో పంపేవారా అని. చూసినట్టు ఫోనులో నీలి గుర్తు పడింది. జవాబు రాలేదు. పండగలు దాటాయి, ఎండాకాలం వచ్చింది, నేను షాపు మూసేశాను. ఇక రాదనుకున్నాక వచ్చింది. అక్షరం మార్చకుండా ఇక్కడ రాస్తున్నాను:

"బాషా గారూ, నమస్తే. ఆ ఉద్యోగం మానేశాను, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. మీరు చక్రం తిప్పినప్పుడు సందు తెరుచుకోవడం నేను చూశాను. మందు వల్ల అలా జరగదని కూడా నాకు తెలుసు. మరక కనిపిస్తే అదొక్కటే రాసి ఫైలు ముగించమనేవారు మా పైవాళ్ళు. రాశాను. మా అమ్మను పంపేవాడినా అని అడిగారు. పంపేవాణ్ణి కాదు. ఆ మాట మీతో అనలేక, బయటికి వచ్చాక కారు దగ్గర ఆగి ఆ పెద్దావిడతో చెప్పాను, అమ్మా, ఈ బండిలో వెళ్ళకండి అని. ఆవిడ లేచి నన్ను చూసి, 'ఎల్లుండి ఇంకో బండి నువ్వు తెస్తావా నాయనా?' అంది. నేను నా కారెక్కి ఒంగోలు వచ్చేశాను."